పదికి తగ్గని నాబ్

మా ఆయన అనిల్‌కుమార్ ముప్పై నాలుగేళ్ళు స్టీల్ ప్లాంటు ల్యాబులో కూర్చుని తుప్పు మీద యుద్ధం చేశారు. రిటైరైన ఆరో నెలలో, నేను పులుసుకని నానబెట్టుకున్న చింతపండు గిన్నెలో ఎనిమిది కొత్త మరలు వేసి, అవి ఎప్పుడు తుప్పు పడతాయా అని గంటకోసారి మూత తీసి చూడసాగారు.

"ఏటండీ ఇది?" అన్నాను.

"ఏజింగ్. నీకు తెలీదులే."

నిజమే, నాకు తెలీదు. తుప్పు పట్టిస్తే కొత్త గిటారు పాత గిటారులా మోగుతుందని బి.ఎస్సీ. కెమిస్ట్రీలో మాకెవరూ చెప్పలేదు. ఆ రోజు పులుసులో ఇనుప ధాతువు మాత్రం సమృద్ధిగా ఉండి ఉండాలి.

అంతకు ముందు వారమే గరుకు కాగితం పట్టుకుని ఆ గిటారు ఒంటి మీది రంగు గీకేశారు. పాతికేళ్ళ నాటి స్టీలు గిన్నెకు నేను చిన్న సొట్ట పెడితే, "ఇంట్లో వస్తువంటే లెక్క లేదు" అని రెండు పూటలా సణిగే మనిషి, పెట్టెలోంచి తీసి నెల కాని గిటారుకి మోచెయ్యి ఆనేచోట, బొటనవేలు తగిలేచోట కొలతలు తీసి మరీ గాయాలు చేశారు. వైశాలి నగర్‌లో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి, ఎవరో తలుపుకి రంగు వేయించుకోబోతున్నారనుకున్నారు.

ఇదంతా ఒక్క ఫోను వల్ల. ఎనభైల్లో మావాళ్ళకి 'ఇస్పాత్ తరంగ్', అంటే ఉక్కు తరంగం, అని ఒక ఆర్కెస్ట్రా ఉండేది. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో ఏ గణేశ్ పందిరి వేసినా వీళ్ళదే మోత. మా ఆయన లీడ్ గిటారు. నందిని గనుల్లో పనిచేసే రాజాబాబు గారు గాయకుడు. నేను పెళ్ళికి ముందు చరోదా రైల్వే కాలనీ నుంచి మా అమ్మతో వచ్చి, ముందు వరసలో కూర్చుని విన్నదాన్ని. అందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను. దసరా వెళ్ళాక వచ్చే ఆదివారం ఈ హిందీ ఊళ్ళోని తెలుగు సమాజం వాళ్ళు ఆ ఆర్కెస్ట్రాని మళ్ళీ వేదిక ఎక్కించాలనుకున్నారు. రాజాబాబు గారు ఫోన్ చేశారు.

"ఒరే అనిలూ, నా గొంతెలాగూ పోనాది. నీ గిటారు మాత్రం అలాగే వినపడాలొరే. అది వినపడితే నాను పాడేస్తాను."

పాత గిటారుని చెదలు ఏనాడో తిన్నాయి. కొత్తది కొన్నారు. కొత్తది వాయిస్తే స్టీలు గ్లాసులో చెంచా తిప్పినట్టుంది. అక్కణ్ణుంచి మొదలైంది. తీగలు మార్చారు. లోపలి వైర్లు పీకి గుడ్డ చుట్టిన వైర్లు వేశారు. ప్రతి ప్రయోగానికీ ఒక నంబరు, తేదీ, గది ఉష్ణోగ్రత, రిమార్కు రాయడానికి ల్యాబులోలాగే ఒక రిజిస్టరు పెట్టారు. దుమ్ము దులుపుతూ ఒకసారి తిరగేశాను. రిమార్కుల గడిలో నలభై ఒక్కసార్లు 'రిజెక్టెడ్' అని ఉంది. ఆయనకి సంబంధాలు చూసే రోజుల్లో మా అత్తగారు కూడా అంతమందిని కాదనలేదు.

నాకు గిటారు వాయించడం రాదు. వినడం వచ్చు. మా నాన్న అప్పలసూరి రైల్వేలో చక్రాలు పరీక్షించేవారు. గూడ్సు బండి ఆగగానే పొడుగు సుత్తితో చక్రాన్ని కొట్టి, మోతని బట్టి పగులుందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంట్లో కొత్త కుండ కొన్నా, కొబ్బరికాయ కొన్నా, మమ్మల్ని పిలిచి తట్టి వినిపించేవారు. "కళ్ళు అబద్ధం సెప్తాయమ్మా, మోత సెప్పదు," అనేవారు. ఆ చెవులతో విన్నాను కాబట్టి నాకు తెలుసు, ఈ గిటారులో రోగమేమీ లేదు. దాని మీది రెండు నాబ్‌లూ, ఒకటి మోత ఎక్కువ తక్కువలకి, ఒకటి దాని పదునుకి, ఎప్పుడు చూసినా పది మీదే ఉంటాయి. అంతే.

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు రెండింటినీ అయిదుకి తిప్పి, వెళ్ళి పప్పు తాలింపు పెట్టుకున్నాను. వచ్చి వాయించారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. చరోదా, పందిరి, ముందు వరస, నా రిబ్బన్లు, అన్నీ వంటింట్లోకి వచ్చేశాయి.

"పద్మా! విన్నావేటి? ఇవాళ గాల్లో తేమ సరిగ్గా కుదిరింది!" అని అరిచారు. ఆ సంబరం రెండు నిమిషాలే. తర్వాత చూపు నాబ్ మీద పడింది. "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే. అలాగే ఉంచండి, బాగుంది."

"పది దాకా ఉన్నదాన్ని అయిదులో పెట్టి నడుపుతారా ఎవరైనా? రేటెడ్ కెపాసిటీ అంటారు దాన్ని. ఫర్నేస్‌ని సగంలో నడిపితే మా జీఎం ఊరుకునేవాడా?"

"ఇది ఫర్నేస్ కాదు కదండీ."

"ఏదైనా ఒకటే," అని రెండూ పదికి తిప్పారు. చెంచా మళ్ళీ గ్లాసులో పడింది.

అప్పటికీ పాత ఫోటో వెతికి తెచ్చి చూపించాను. మీసం, బెల్ బాటమ్, చేతిలో పాత గిటారు. దాని నాబ్ ఊడిపోతే టూత్‌పేస్ట్ మూత బిగించి ఉంది. పవర్ హౌస్ దగ్గర రేడియోలు బాగుచేసే జగ్గయ్య బాబాయి బిగించాడు. అది సగంలో ఇరుక్కుని, ఆర్కెస్ట్రా మూతపడేదాకా కదల్లేదు.

"చూడండి, మీ పాత టోను ఈ మూతలో ఉంది."

ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు. "అది అందం కోసం పెట్టుకున్నాను," అన్నారు.

ఇంక మగవాడి జ్ఞాపకంతో వాదించే ఓపిక నాకు లేదు. అక్కడితో వదిలేసేదాన్ని. కానీ మర్నాడు సునీల్ వచ్చాడు.

సునీల్ ఆర్కెస్ట్రాలో రెండో గిటారు. ఇప్పుడు నెహ్రూ నగర్‌లో ఉంటాడు. కాలితో తొక్కితే రెండొందల రకాలుగా మోగే యంత్రమొకటి ఉంది అతని దగ్గర. అందులో ఒక్కటీ అతనికి నచ్చదు. మా ఆయన వాయింపు విని, కళ్ళు మూసుకుని, డాక్టరు నాడి వదిలేసినట్టు నిట్టూర్చాడు.

"భయ్యా, ఎన్ని తీగలు మార్చినా బేకార్. అస్లీ జాన్, అసలు ప్రాణం, వాల్వ్‌లో ఉంటాది. గాజు వాల్వ్. పాత రేడియోల్లో ఉండేది చూడండి..."

ఆ 'చూడండి' అనడంతోనే ఇద్దరూ వంటింటి వైపు చూశారు.

వంటింటి అలమర మీద మా నాన్న రేడియో ఉంది. టేకు పెట్టె, అయిదు గాజు వాల్వులు, స్టేషన్ దొరికితే సన్నబడే పచ్చ కన్ను. చరోదా క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు అన్నయ్యలు మంచాలూ బీరువాలూ పంచుకుంటే, నేను ఇదొక్కటే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు దానికి అందేవి రెండే. ఒకటి వార్తలు, రెండోది గరగర. సాయంత్రం వంట చేస్తూ రెండూ వింటాను.

"భాభీ, మీరు ఫోన్లో కూడా వినొచ్చు కదా," అన్నాడు సునీల్.

"నువ్వు నీ గిటారు కూడా ఫోన్లో వాయించుకోవచ్చు కదయ్యా," అన్నాను.

మా ఆయన నా వైపు చూడలేదు. అదే ప్రమాద సూచన. "అయిదు వాల్వులే పద్మా. పెట్టె అలాగే ఉంటాది. షోకి బాగుంటాది," అన్నారు గోడతో.

అంటే మా నాన్న రేడియో పేగులు తీసి, దానిలో ప్లాస్టిక్ పూలు పెట్టుకోమంటారు. నేను అరవలేదు. అరిస్తే గెలిచేదాన్నే, కానీ ఆదివారం కచేరీ పాడైతే ఆ నింద జీవితాంతం నా మీదుంటుంది. రాజాబాబు గారి గొంతు పోయింది కూడా నా రేడియో వల్లే అంటారు.

"సరే. జగ్గయ్య బాబాయి చేతికే ఇవ్వాలి. స్కూటర్ మీద రేడియో నేనే పట్టుకుని కూర్చుంటాను," అన్నాను.

జగ్గయ్య బాబాయికి ఎనభై దగ్గర పడ్డాయి. చెయ్యి వణుకుతుంది, సోల్డరింగ్ కడ్డీ పట్టుకుంటే వణుకు ఆగిపోతుంది. మా ఆయన అతనికి వాల్వుల గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. అరవయ్యేళ్ళుగా వాల్వులు మార్చిన మనిషి, "ఓహో, అలాగేటి బాబూ," అంటూ విన్నాడు. తర్వాత మా ఆయన స్కూటర్ తిప్పడానికి వెళ్ళారు.

"బాబాయ్, టూత్‌పేస్ట్ మూత గుర్తుందా?" అన్నాను.

"నాను బిగించిందే గదమ్మా."

"ఆ మూత ఏ మోత మోగించేదో అది చాలు. వాల్వులు కదపొద్దు. నాన్న వస్తువు."

జగ్గయ్య బాబాయి రేడియో నెత్తి మీద గోరుతో ఒకసారి తట్టి విన్నాడు. "అప్పలసూరి కూతురివి అనిపించినావు. నాబ్ తగ్గించుకోమని సెప్పలేకపోనావా, ఆయనికి?"

"చెప్పాను."

"ఇనుంటే ఇక్కడికెందుకొస్తావులే," అని తనే జవాబు చెప్పుకున్నాడు.

నాలుగు రోజులకి ఒక చెక్కపెట్టె తయారైంది. గిటారు నుంచి వచ్చే వైరు ఒకవైపు దూరి రెండోవైపు వెళ్తుంది. ముందు జల్లెడ, జల్లెడ వెనక వాల్వులా కనపడేలా ఎర్రగా వెలిగే బల్బు. దాని పక్కన వేరుశెనగ గింజంత భాగాలు రెండు. గిటారు నాబ్ పది మీదున్నా, అయిదుకి తిప్పితే ఏమవుతుందో ఆ పని ఇవి చేస్తాయి. రేడియోని వెనక అట్ట బిగించి, దుమ్ము దులిపి ఇచ్చాడు. "లోపల బోలు. ఇప్పొద్దు బాబూ, సూడ్డానికేటీ లేదు," అని మా ఆయనకి చెప్పాడు. ఇంటికొచ్చాక అలమర మీద పెట్టి, వాల్వులు లేని రేడియో మోగకూడదు కనక ఆ సాయంత్రం వార్తలు లేకుండా వంట చేశాను. ఆ వారమంతా అంతే. బెండకాయ వేపుడు రెండుసార్లు మాడింది.

మా ఆయన మాత్రం పెట్టె తగిలించి, వాయించి, దాని మీద చెయ్యి పెట్టి చూశారు. "వేడెక్కుతోంది పద్మా! వాల్వు అంటే ఇదీ!" బల్బు వేడెక్కక చల్లబడుతుందా! నేను తలూపాను. రిజిస్టరులో నలభై రెండో ప్రయోగం ఎదుట మొదటిసారి వేరే మాట రాశారు.

ఆదివారం తెలుగు సమాజం హాలు నిండింది. వెంట్రుకలు ఉన్నవాళ్ళు రంగు వేసుకుని, లేనివాళ్ళు టోపీ పెట్టుకుని వచ్చారు. మా ఆయన మొదటి తీగ మీటారు. ఆ మోత అదే. గుండ్రంగా, కొంచెం బెల్లం తగిలినట్టు. రాజాబాబు గారు మైకు పట్టుకుని, పాడాల్సిన చోట పాడకుండా తిరిగి మా ఆయన్నే చూశారు. రెండోసారి ఆ వరస వచ్చినప్పుడు అందుకున్నారు. గొంతు నిజంగానే పోయింది, కానీ ఎవరికీ అది వినపడలేదు. నా పక్కన కూర్చున్న నూకరత్నం గారు, సునీల్ అత్తగారు, కొంగుతో కళ్ళొత్తుకున్నారు. నేను కూడా ఒత్తుకోవాల్సి వచ్చింది, కాకపోతే నాకు కారణం తెలుసు.

కచేరీ అవగానే సునీల్ ఆ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వాల్వ్ కీ గర్మీ, ఆ వేడే వేరు! నేను చెప్పలేదూ?" అంటూ వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. మర్నాడు సాయంత్రం స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చేశాడు.

"భయ్యా, ఒక్కసారి ఇప్పుదాం. సర్క్యూట్ చూసుకుంటాను. మా అత్తగారి రేడియో ఉంది ఇంట్లో, అది నేను వాడేస్తాను."

టీ కప్పులు బల్ల మీద పెట్టేశాను. పెట్టె విప్పితే బల్బు బయటపడుతుంది. దాని తర్వాత రేడియో అట్ట విప్పుతారు. సునీల్ నోటికి తాళం లేదు, సెక్టార్లన్నీ మా ఆయన్ని చూసి నవ్వుతాయి. అప్పుడు మొదట పోయేది నాన్న రేడియోనే, ఈసారి ఆయన కక్షతో నిజంగానే పోతుంది.

మా ఆయన పెట్టె మీద చెయ్యేశారు. "ఇప్పకూడదు సునీల్. గాలి తగిలితే టోను పోతాది."

"అవునా?"

"అవును. నీకూ కావాలంటే జగ్గయ్య దగ్గరికెళ్ళు. ఒకటే షరతు. రేడియో మీ అత్తగారే పట్టుకుని కూర్చోవాలి. ఆవిడని లోపల వదిలేసి, నువ్వు స్కూటర్ తిప్పుకుంటూ బయటుండు."

"ఎందుకూ?"

"ప్రొసీజర్," అన్నారు మా ఆయన.

సునీల్ దాన్ని ఫోన్లో రాసుకుని, టీ తాగి వెళ్ళాడు. నేను వంటింట్లోకి వచ్చి స్టవ్ వెలిగించాను. ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"వార్తల వేళైంది కదా, పెట్టవేటి?"

"వాల్వులు లేవు కదండీ."

"లేకపోతే లేకపోయాయి. ఒకసారి పెట్టి చూడు."

మీట నొక్కాను. అయిదు వాల్వులూ నెమ్మదిగా వెచ్చబడ్డాయి. పచ్చ కన్ను తెరుచుకుంది.

"ఎప్పుడు చూశారు?"

"తెచ్చిన రోజే. ముప్పై నాలుగేళ్ళలో శాంపిల్ ఇప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చానేటి?"

"అయితే నాకెందుకు చెప్పలేదు? వారం రోజులు వార్తల్లేవు, బెండకాయలు మాడ్చాను."

"తిన్నాను కదా, నాకు తెలీదేటి? టోను బాగుంది, పద్మా. బాగున్నదాన్ని ఎందుకు కెలకడం!"

స్టవ్ మంట తగ్గించాను. అప్పుడడిగాను. "అంతా తెలిసింది కదా, ఇంక ఆ పెట్టె ఎందుకండీ? నాబ్ అయిదుకి తిప్పుకుంటే సరిపోదూ?"

ఆయన నా వైపు, బ్లాస్ట్ ఫర్నేస్ ఆర్పెయ్యమన్నట్టు చూశారు.

"నాబ్ తగ్గించడమేటి?" అన్నారు.

ఇప్పటికి జగ్గయ్య బాబాయి మూడు పెట్టెలు చేశాడు. మూడు రేడియోలూ దుమ్ము దులిపించుకుని, అట్టలు బిగించుకుని క్షేమంగా ఇళ్ళకి చేరాయి. నూకరత్నం గారు నిన్న ఫోన్ చేసి, అల్లుడు బజారుకి వెళ్ళినప్పుడల్లా వింటున్నానని రహస్యంగా చెప్పారు. మా ముందుగదిలో గిటారు గోడకి ఆనించి ఉంది. రెండు నాబ్‌లూ పది మీదే ఉన్నాయి.