అట్ట కొలత

చిన్నప్ప నాలుగో రేకు అంచును ఆకురాయితో రుద్దుతున్నాడు. అల్యూమినియం పొడి ముంజేతి వెంట్రుకల మీద తెల్లగా పేరుకుంది. కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. అది చెన్నై అంబత్తూరులో ఏదో ఫ్యాక్టరీ ప్రెస్సు కింద పోయింది. ఆ తర్వాత ఈ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో కాంట్రాక్టు హెల్పరుగా చేరి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో అతన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ.

ఆ కాంట్రాక్టు ఈరోజుతో సరి. కానీ గోడ మీద కలైవాణి అంటించిన చార్టు ఉంది. విద్యార్థుల రోబో జట్టుకు ఆమె నాయకురాలు. పోటీ రోబోను రేపు పెట్టెలో పెట్టి సీలు వేస్తారు, మూడు వారాల దాకా ముట్టుకోకూడదు. ఈలోగా నడిపేవాళ్ల చెయ్యి మొద్దుబారకుండా సాధనకు అలాంటిదే రెండోది కావాలి. చార్టులో "రేకు పని: చిన్నప్ప" అని రాసింది. సాయంత్రానికి చట్రం నిలబడితే ఇంకో మూడు నెలలు ఉంచుకుంటామని వర్క్‌షాపు చూసే వెంకట్రామ్ సార్ మాటిచ్చారు. పొద్దున తొండియార్‌పేట నుంచి బస్సులో వస్తూ చిన్నప్ప ఆ మాటే పదిసార్లు తలచుకున్నాడు. పిచ్చి మనిషి, నమ్మాడు.

డ్రాయింగు చదవడం అతనికి రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వస్తువు మీద అట్ట పెట్టి గీసుకోవడమే అతని పద్ధతి. భార్య అమ్మాసికి టి. నగర్‌లో కొన్న చీర పెట్టె మూత తెచ్చి, పోటీ రోబో పక్కరేకు మీద పెట్టి గీశాడు. ఆ అట్టతోనే నాలుగు రేకులూ కోసి, బోల్టు రంధ్రాలు పెట్టాడు.

మూడింటికి కలైవాణి బోల్టులు పట్టుకొచ్చింది. రేకులు ఎదురెదురుగా నిలబెడితే రంధ్రాలు కలవలేదు.

"ఇదేందన్నా, అన్నీ ఒకే పక్కకు లాగతా ఉండాయి? కొలత ఏడ తీసినావు?"

"పోటీదాని మీదనే పాపా. ఎడమ రేకు."

ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో! పోయినేడు గోడకు గుద్దుకొని వంగింది అదే కదన్నా. డ్రాయింగు చూళ్లేదా?"

"చూసినా," అన్నాడు చిన్నప్ప. చూడటం వరకూ నిజమే.

స్టోరులో ఇంకో షీటు లేదు. వెంకట్రామ్ సార్ వచ్చి రేకులు తిప్పి చూశారు. తిట్టినా బాగుండేది.

"వదిలేయమ్మా, రెండోది వద్దు. కంప్యూటర్ మీద ప్రాక్టీస్ చేసుకోండి," అని అతని వైపు చూడకుండానే వెళ్లిపోయారు.

"నేను సార్‌తో మాట్లాడతా అన్నా."

"ఒద్దు పాపా. నీకు పోటీ ఉండాది, పో."

మాట్లాడి లాభం లేదని ఇద్దరికీ తెలుసు. అతనికి ఏడుపొచ్చింది, ఆ పిల్ల ముందు ఏడవలేకపోయాడు.

ఐదింటికి ఆకురాళ్లు తుడిచి పెట్టెలో సర్దాడు. నేల ఊడ్చాడు. గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి, వెనక్కి చూడకుండా బస్టాపు వైపు నడిచాడు.

బెంచీ పైన మేకుకు గులాబీరంగు చీర పెట్టె అట్ట వేలాడుతోంది, ఒక అంచున తెగిన కొట్టు పేరుతో, ఇంకో అంచున చెక్కుచెదరని ఆ వంకరతో.