కడిగిన డబ్బా

మా ఆయన డబ్బా కడిగాడు. అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నవ్వకండి. పంతొమ్మిదేళ్ల కాపురంలో తిన్న కంచం తీసి సింకులో వెయ్యని మనిషి, పని నుంచి వస్తూ వస్తూ మధ్యాహ్నం డబ్బా తళతళలాడేలా కడిగి తెచ్చాడంటే ఏమిటర్థం? నేను పెట్టింది ఎవరికో ధారపోసి, ఆనవాలు లేకుండా చేశాడనేగా! ఆసుపత్రి వంటగదిలో పథ్యం వంటలు వండేదాన్ని నేను. ఏ రోగి కంచంలో ఎంత మిగిలిందో చూసి రాసుకోవడం నా రోజువారీ పని. నా దగ్గరా ఈ నాటకాలు?

ఆయనది ఎత్తు మేడల అద్దాలు తుడిచే పని. నడుముకి బెల్టు, వెనక తాడు, కాళ్ల కింద ముప్పై అంతస్తుల గాలి. ఆ పనంటే ప్రాణం ఆయనకి. నేల తుడవమంటే తల కొట్టేసినట్టు ఫీలవుతాడు. అలాంటిది కొత్త సూపర్‌వైజరు వచ్చి, తాడెక్కే మనిషి తొంభై ఐదు కిలోలు దాటకూడదన్నాడు. పనివాళ్లంతా అతనికి రూళ్లకర్ర అని పేరు పెట్టారు. మా ఆయన నూటొక్క కిలో. ఆరు వారాలు గడువు, తగ్గకపోతే కింద వరండాలు తుడవాలి.

రూలు తప్పని నేననను. తాడుకి మొహమాటాలుండవు. నా మంటంతా మా ఆయన మీదే. మర్నాటి నుంచే తిండి మానేశాడు. పొద్దున టీ, రాత్రి ఒక రొట్టెముక్క. మొదటి రెండు వారాల్లో నాలుగు కిలోలు దిగాడు. అబ్బో, ఇక ఆ గొప్పలు చూడాలి! అద్దం ముందు పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, "చూశావుటే, మీ ఆసుపత్రి డైటు డాక్టరమ్మకి చెప్పు" అన్నాడు.

మూడో వారం ముల్లు కదల్లేదు. నాలుగో వారమూ కదల్లేదు. తొంభై ఏడు దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. దాంతో ఆ రొట్టెముక్క కూడా మానేశాడు, మొండిఘటం. మిట్టమధ్యాహ్నం ముట్టుకున్నా చేతులు చల్లగా ఉండేవి. చొక్కా గుండీలు పెట్టుకోబోతే వేళ్లు వణికేవి. ఆ వేళ్లతోనే తాడెక్కేవాడు.

నెత్తీనోరూ బాదుకుని డబ్బా చేతిలో పెడితే, అదిగో, అలా మెరుస్తూ తిరిగొచ్చింది.

"ఎవరికి పెట్టావు?" అన్నాను.

"నేనే తిన్నాను."

"ఏం కూర?"

కాసేపు పైకప్పు చూశాడు. "బీన్సు..."

"గుడ్లు! మూడు గుడ్లు, నేనే ఉడకబెట్టి, నేనే ఒలిచి పెట్టాను!"

చేతిలో గిన్నె ఎంత విసురుగా దించానంటే పక్కింటావిడ గోడ మీద దబదబా బాదింది.

"కూర్చో. డాక్టరమ్మ నాకు వందసార్లు చెప్పింది, నీకు ఒక్కసారే చెప్తాను. తిండి రాకపోతే ఒళ్లు ఊరుకుంటుందా? గడ్డురోజులు వచ్చాయనుకుని ఖర్చు తగ్గించుకుంటుంది. అందుకే నీ చేతులు చల్లబడ్డాయి, అందుకే ముల్లు కదలట్లేదు. పైగా కొవ్వొక్కటే కరగదు, కండా కరుగుతుంది. ఊరికే కూర్చున్నా తిన్నదాన్ని ఖర్చుపెట్టేది ఆ కండే కదా? ఆ కండతోనే కదయ్యా నువ్వు తాడు పట్టుకునేది?"

"అయితే తింటే తగ్గుతానంటావు" అన్నాడు, వెటకారంగా.

"అడ్డమైనవీ తింటే తగ్గవు. నేను పెట్టింది తిను, మెల్లగా తగ్గుతావు."

పప్పు, గుడ్లు, ఆకుకూరలు, పెరుగు, ఒక పండు. వేపుళ్లు లేవు, టీలో పంచదార లేదు. ఆముదం తాగుతున్న మొహం పెట్టుకుని తిన్నాడు. వారం తిరిగేసరికి ముల్లు తొంభై ఎనిమిది చూపించింది. "నా కొంప ముంచావు కదే!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "అది కొవ్వు కాదు, ఖాళీ కడుపులోకి తిండీ నీళ్లూ చేరాయి" అని అంతకు రెండింతలు నేనరిచాను. ఆ తర్వాత చేతుల వణుకు తగ్గింది. నిద్ర పట్టింది. గడువుకి రెండు రోజుల ముందు తొంభై ఆరుంపావుకి దిగాడు. ఇంకో నెల గడువడగమంటే వినడే! అడిగితే పరువు పోతుందట.

గడువు రోజు పొద్దున, ఆయన వెళ్లాక, మంచం పక్కన లీటరున్నర నీళ్ల సీసా మూతైనా తియ్యకుండా కనబడింది. ముందురోజు పెట్టిన సీసా. పొద్దుటి పూటకి సెలవు చెప్పి, ఆ సీసా పట్టుకుని పరుగెత్తాను.

మేడ వెనక, తాళ్ల కట్టలు తూచే పెద్ద త్రాసు మీద నిలబడి ఉన్నాడు. తొంభై నాలుగు కిలోల ఎనిమిదొందలు. తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. రూళ్లకర్ర టిక్కు పెట్టాడు. మా ఆయన నన్ను చూసి నవ్వబోతే, ఎండిన పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"తాగు" అన్నాను, మూత తీసి.

"తర్వాత తాగుతాలే. ఇంటికెళ్లు" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"తాగుతావా, అరవమంటావా?"

నా గొంతు సంగతి ఆయనకి తెలుసు. ఒక్క గుక్క అని మొదలుపెట్టాడు, ఇక ఆగలేకపోయాడు. సీసా ఖాళీ అయ్యేదాకా తాగాడు పిచ్చిమనిషి.

"ఇప్పుడు తూచండి" అన్నాను రూళ్లకర్రతో.

"టిక్కు పెట్టేశానమ్మా."

"టిక్కు మీ కాయితానికి. వేలాడేది మా ఆయన. నిన్నటి నుంచి గుక్కెడు నీళ్లు తాగని మనిషిని ముప్పై అంతస్తుల మీద వేలాడదీస్తారా? కళ్లు తిరిగితే మీ రూలు పట్టుకుంటుందా?"

తూచాడు. తొంభై ఆరు కిలోల మూడొందలు. రూళ్లకర్ర తను పెట్టిన టిక్కు చెరిపేసి, "నెల గడువిస్తున్నాను. అందాకా వరండాలు" అన్నాడు. మా ఆయన బెల్టు విప్పి కింద పడేసి, నా మొహం చూడకుండా చీపురు అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వంటగది స్టోరులో తలుపేసుకుని ఏడ్చాను. ఆయనకి ప్రాణమైన పనిని నా చేతులతో నేనే ఊడగొట్టాను మరి.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. టీ కావాలన్నా గోడకి చెప్పేవాడు. పొద్దున్నే డబ్బా కట్టి బల్ల మీద పెట్టేదాన్ని. సాయంత్రానికి అక్కడే, కట్టింది కట్టినట్టే ఉండేది. మళ్లీ ఒళ్లు మాడ్చుకుంటున్నాడేమో, మళ్లీ ఆ వేళ్లు వణుకుతున్నాయేమో అని లోపల చచ్చిపోతూ, పైకి గిన్నెలు విసురుతూ తిరిగాను. నేను తగ్గను, ఆయన తగ్గడు.

పన్నెండో రోజు బల్ల మీద డబ్బా లేదు. సాయంత్రం వచ్చి దాన్ని సింకులో ఠంగుమని పడేసి ముందుగదిలోకి పోయాడు. మూత తీశాను. జిడ్డు, ఎండిపోయిన పప్పు, మూలల్లో పచ్చసొన పొడి, అడుగున అంటుకుపోయిన చెంచా. వెధవ కంపు.

"తిన్న డబ్బాలో కాసిని నీళ్లు పొయ్యడానికి కూడా చేతులు రావా?" అని అరిచాను.

"నాకలవాటు లేదు" అన్నాడు ముందుగదిలోంచి.

పదకొండు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. తిడుతూ తిడుతూ నేనే కడిగాను.