వస్తానండి

డ్రిల్లు టీచరుగా రిటైరైనా దేవకుమారికి మెడలో ఈలా పోలేదు, అజమాయిషీ పోలేదు. నిడదవోలు కాలవగట్టు మీద రోజూ పొద్దున్నే తొమ్మిదిమందిని వెంటబెట్టుకుని నడిపిస్తుంది. బయల్దేరేముందు ఒకసారి, లాకుల దగ్గర ఒకసారి ఎవరి నంబరు వాళ్ళు గట్టిగా అరవాలి. తొమ్మిదో నంబరు అచ్చాయమ్మది. చేరి నెలే అయింది. ఇన్నేళ్ళూ వంటిల్లే లోకంగా బతికిన మనిషి, ఇప్పుడు ఆ నంబరు చెప్పడానికి కోడి కంటే ముందే లేస్తోంది. "తొమ్మిదండీ!" అని ఆవిడ అరిస్తే కాలవ అవతల కుక్కలు ఉలిక్కిపడతాయి.

ఆవేళ మంచు దట్టంగా పట్టేసింది. పదడుగుల అవతల మనిషి కంటికి ఆనడం లేదు. వంతెన దగ్గరికి రాగానే వెనకనుంచి అచ్చాయమ్మ, "మీరు నడవండి టీచరుగారూ, నేనొస్తానండి" అంది. ఆవిడ ఇంటి సందు ఆ పక్కనే. "మంచిదండీ, జాగ్రత్త" అని దేవకుమారి వెనక్కి తిరిగైనా చూడకుండా సాగిపోయింది.

లాకుల దగ్గర నంబర్లు ఎనిమిదితో ఆగాయి. "అచ్చాయమ్మగారు ఇంటికెళ్ళిపోయారు" అని చెప్పి టీ గ్లాసు అందుకుంటుండగా ఫోను మోగింది. అచ్చాయమ్మ భర్త బుల్లబ్బాయి.

"టీచరుగారండీ, మా ఆవిడకోసారి ఫోనియ్యండి. షుగరు ఇంజెక్షన్ చేసుకుని, ఆలస్యమైపోతోందని టిఫిన్ తినకుండా వచ్చేసిందండి."

"ఇంటికొచ్చేశారు కదండీ? వంతెన దగ్గర వస్తానన్నారు..."

"రాలేదండీ!"

దేవకుమారి టీ గ్లాసు అక్కడే పెట్టేసింది. వస్తానండి! సెలవు తీసుకునేటప్పుడూ మనకదే మాట, వెనకాల వచ్చేటప్పుడూ అదే మాట. వెళ్తానని మాత్రం చచ్చినా నోటితో అనం కదా! ఆవిడ వెనకాల వస్తానంటే, తను సెలవనుకుంది.

టీకొట్టులో గుప్పెడు పంచదార పొట్లం కట్టించుకుని పరుగెత్తింది. వెనకే ఎనిమిదిమందీ. పక్కన కాలవ నిండుగా పారుతోంది. "అచ్చాయమ్మగారూ!" అని ఎంత పిలిచినా పలుకు లేదు. వంతెన దగ్గర రేవు మెట్టు మీద ఒక చెప్పు కనబడింది. ఒక్కటే. గుంపులో సూర్యకళ బావురుమంది.

"ఏడుపులాపండి! నంబర్లు చెప్పండి!"

"ఒకటి!" "రెండు!" అంటూ ఎనిమిది దాకా వచ్చి ఆగింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మళ్ళీ!" అని దేవకుమారి అరిచింది.

మళ్ళీ ఎనిమిదే. అప్పుడు, రేవు కిందనుంచి, నూతిలోంచి వచ్చినట్టు వినబడింది.

"తొమ్మిదండీ..."

అచ్చాయమ్మ అడుగు మెట్టు మీద గోడకి చేరగిలబడి ఉంది. కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. దేవకుమారి "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ ఆవిడ నోట్లో పంచదార పోసింది.

కాసేపటికి అచ్చాయమ్మ తేరుకుంది. "చెప్పు తెగిందండి. మొహం కడుక్కుందామని దిగితే కళ్ళు తిరిగాయి. వస్తానన్నాను కదా, చూస్తుంటారనుకున్నాను."

దేవకుమారి ఏడ్చేసింది. "నాదేనండీ తప్పు."

ఇంతలో బుల్లబ్బాయి ఇడ్లీ డబ్బాతో బండేసుకొచ్చాడు. పెళ్ళాం తిన్నంతసేపూ నోరు మెదపలేదు. ఆఖరి ముక్క లోపలికి వెళ్ళాక అందుకున్నాడు.

"ఇంక నడకా లేదు, గిడకా లేదు. ఎక్కు!"

అచ్చాయమ్మ ఎక్కింది. "వస్తానండీ టీచరుగారూ."

దేవకుమారి బండికి అడ్డంగా నిలబడింది. "ఎటండీ? ఈసారి సరిగ్గా చెప్పండి."

అచ్చాయమ్మ మొగుడి వీపు వంక చూసింది. తరవాత, నంబరు చెప్పే గొంతుతోనే అంది.

"రేప్పొద్దున్న, ఇక్కడికేనండీ. టిఫిన్ తినే వస్తాను. నా తొమ్మిది ఎవరికీ ఇచ్చెయ్యకండి."