షోప్కా వెనక బూట్లు

లూద్విక్ గురించి చెడ్డగా చెప్పడానికి బోగ్నాకు పెద్దగా ఏమీ లేదు. తాగడు, అరవడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఒక్క టీ గ్లాసు కూడా పగలగొట్టలేదు. పగలగొట్టాలంటే ముందు కడగాలి కదా.

డిసెంబరు మొదటి గురువారం మాత్రం అతను కళాకారుడు. ఆ రోజు క్రాకోవ్ పెద్ద చౌక్‌లో, కవి విగ్రహం మెట్ల మీద, ఊళ్లోని షోప్కాలన్నీ పోటీకి కొలువు తీరతాయి. షోప్కా అంటే నిజానికి బాలయేసు పుట్టిన పశువులపాక బొమ్మే. కానీ ఈ ఊరివాళ్లకు పాకను పాకలా ఉంచడం చేతకాదు. గోపురాలూ గుమ్మటాలూ పెట్టి రాజభవనం చేస్తారు. లూద్విక్ చెక్కతో చట్రం కొడతాడు. జనవరిలో రెండు ఆదివారాల పని. మిగతా ఏడాదంతా బోగ్నాది. చాక్లెట్ తిన్న ప్రతివాళ్లనీ రేకు కాగితం అడిగి తెచ్చుకోవాలి, గోటితో నునుపు చేయాలి, అగ్గిపుల్ల మీద మడతపెట్టి గుమ్మటానికి పొలుసుల్లా అతికించాలి. కూర అడుగంటుతున్నా లేవకూడదు, జిగురు ఆరిపోతుంది.

"ఏముంది, కాగితాలు అంటించడమేగా," అనేది అత్తగారు గెనోవేఫా. "ఇల్లు కట్టినవాడిది. సున్నం కొట్టినవాళ్ల పేరు ఎవరైనా గుమ్మం మీద రాస్తారా?"

షోప్కా మనిషెత్తు ఉంటుంది, ఇద్దరు మోయాలి. మధ్యాహ్నం పన్నెండుకి చర్చి బురుజు మీద బాకా ఊదగానే ఊరేగింపు. ముందు లూద్విక్, వెనక బోగ్నా. ఇంట్లో గోడ నిండా ఆ ఫొటోలే. అన్నింట్లో లూద్విక్ నవ్వు, షోప్కా మెరుపు, దాని కింద ఎవరివో బూట్లు. బూట్లు అయిదుసార్లు మారాయి. ఎవరూ గమనించలేదు.

ఈ వసంతంలో సూప్ వడ్డిస్తూ అడిగింది, షోప్కా ముందు పెట్టే చీటీ మీద నా పేరు కూడా వేయించమని. అతను చెంచా పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు. "వేయిస్తాను బోగ్నా. ఎప్పుడో వేయించాల్సింది."

ఆ ఒక్క మాట మీద ఆమె ఎనిమిది నెలలు మడతలు పెట్టింది. ఎడమ గోపురానికి ఎర్ర పొలుసులే నాలుగు వేలు. నిన్న బూట్లకు పాలిష్ కూడా వేసుకుంది.

ఇప్పుడు చౌక్‌లో షోప్కా ముందు చీటీ ఉంది. "లూద్విక్ స్రోకా, కుమారుడు కాత్స్పెర్."

కాత్స్పెర్ గ్దాన్స్క్‌లో ఉంటాడు. ఈ షోప్కాకు వాడు చేసిన సాయమల్లా, మే నెలలో వచ్చినప్పుడు రెండు చాక్లెట్లు తినడం.

"అమ్మే అంది, తండ్రి నుంచి కొడుక్కొచ్చిన విద్యంటే బాగుంటుందని," లూద్విక్ టోపీ సర్దుకున్నాడు. "మన కొడుకేగా. వాడి పేరుంటే నీ పేరున్నట్టే."

చీటీ అక్టోబరులోనే అచ్చు వేయించాడట. అంటే, "ఇక్కడ పలచగా ఉంది, ఇంకో వరస పెట్టు" అని పక్కన కూర్చుని చెప్పిన సాయంత్రాలన్నీ, తెలిసే చెప్పాడు. మరిచిపోయి ఉంటే బోగ్నా క్షమించేదే. అతను మరిచిపోలేదు. ఆమె కోసం చోటు చేసి, ఆ చోటులో ఇంకొకరిని కూర్చోబెట్టాడు.

బాకా మోగింది. ఎప్పటిలాగే, ఈ ఊరి ఆనవాయితీ ప్రకారం, రాగం మధ్యలో తెగిపోయింది. లూద్విక్ ముందు కొసన చేతులు వేశాడు.

"ఊఁ, ఎత్తు."

బోగ్నా చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. "కాత్స్పెర్‌ని పిలువు."

"పరాచికాలొద్దు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఇన్నేళ్లకు కనబడుతున్నాను."

మిగతా షోప్కాలు పక్కనుంచి దాటిపోతున్నాయి. లూద్విక్ మెట్ల మీద కూర్చున్న తల్లి వైపు చూశాడు. గెనోవేఫా చేతికర్ర ఊతంగా లేచి వచ్చింది. తిట్లకు సిద్ధపడింది బోగ్నా. ముసలావిడ మాత్రం చెయ్యి చాచి, ఎర్ర గోపురం మీద కాస్త లేచిన పొలుసును బొటనవేలి గోటితో, కింది నుంచి పైకి, మెల్లగా అదిమింది. పని తెలిసిన గోరు అది.

"అత్తయ్యా, మీకిది..."

"ముప్ఫై ఒక్కేళ్లు. మీ మామగారి షోప్కాలన్నిటికీ. నేనూ వెనకే నడిచాను." చీటీని తీసి జేబులో కుక్కుకుని, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా కొడుకుతో అంది. "నాకు దొరకనిది దీనికెందుకు దొరకాలని, మనవడి పేరు నేనే వేయమన్నానురా. తప్పు చేశాను."