తవుడుకు కొన్న బిడ్డ

పెంటకుప్ప మీద ఆవిరి లేస్తున్నది.

చలికాలం పొద్దున. ఇంకా తెల్లగ తెల్లారలే. బర్రె పేడ, పొయ్యి బూడిద, ఊక, నిన్న ఊడ్చిన చెత్త — అన్నీ కలిసి లోపట ఉడుకుతుంటయి. పైన మంచు. మంచుల నుంచి ఆవిరి... సన్నగ, తెల్లగ, ఊపిరి లెక్క.

కుప్పకు గూడ ఊపిరుంటది.

నా బిడ్డను దాని మీదనే పారేసిన.

పారేసిన అంటే — చాటల పండవెట్టి, పాతగుడ్డ కప్పి, ఎన్కకు తిరిగి చూడకుండ నడిసిన. అంతే. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయిన్రు. ఇద్దరికి మంచి పేర్లు పెట్టుకున్నం. నోరార పిలుచుకున్నం. చావు విన్నది. వచ్చి తీస్కపోయింది.

అందుకే దీన్ని పారేసిన. పారేసినదాన్ని చావు గూడ ముట్టదని.

మా సందు మొదట్ల ఉండే జమ్ములమ్మ ఎత్తుకున్నది. బర్రెను సాకుకుంట బతికే ఒంటి మనిషి. ముందే అనుకున్న మాటనే. అయినా సందంత వినేటట్టు అరిచింది.

"ఎవరిదే ఈ పెంట? నాకు దొరికింది, ఇగ నాదే!"

"నాకమ్ముతవా అక్కా?"

"ఏమిస్తవ్?"

"చాటెడు తవుడు."

తవుడు పోసిన. బిడ్డను కొనుక్కున్న. ఎత్తుకున్నోళ్లే పేరు పెట్టాలె. జమ్ములమ్మ పెట్టింది. పెంటమ్మ.

బతికింది.

అదే వింత. బిడ్డ పాకుతుండంగ గద్వాలకు గత్తర వచ్చింది. వాంతులు, భేదులు, ఇంటికొక పాడె. మా ఆయన మగ్గం గుంటల నుంచి లేస్తనే పడిపోయిండు. మల్ల లేవలే. బిడ్డ ఆయన పక్కనే ఆడుకుంటుండె. చావు దాన్ని చూసింది... పెంట అనుకున్నది... దాటిపోయింది.

అప్పటి నుంచి మా ఇంట్ల మగ్గం మూగది. వాళ్లకు వీళ్లకు కండెలు చుట్టి బతుకుతున్న. రాట్నం తిరుగుతుంటే పేరు తిరుగుతుంటది. పెంటమ్మ. పెంటమ్మ. పెంటమ్మ. ముద్దు లేని పేరు. గట్టి పేరు. తలుపుకు గడియ అసొంటి పేరు.

ఆ గడియ తియ్యమన్నది పంతులమ్మ.

బడిల పొద్దున్నే పేర్లు పిలుస్తది. ఒక్కొక్క పిల్ల హాజర్ అంటది. పెంటమ్మ అనంగనే పిల్లలంత ముక్కులు మూసుకొని నవ్వుతరు. నా బిడ్డ నోరు విప్పది. కండ్ల ముందల్నే కూసోని ఉంటది. రానట్టే గీత పడుతది.

"పిల్ల ఉన్నది కద పంతులమ్మా," అన్న.

"ఉన్నా అని అదే చెప్పాలె. ఈ నెల గూడ పలుకకపోతే బడిల నుంచి తీసేస్త. లేకుంటే పేరన్న మార్పియ్యి. నోటిమాట నడువది, అదాలతుల మున్సిఫ్ ఇచ్చే హుకుం కావాలె. వాళ్ల నాయినను పంపు."

నాయిన ఏడున్నడు పంపనీకె?

బిడ్డను బతిలాడిన. ఒక్క మాటనే కద బిడ్డా, పలుకరాదా? అది నా ముఖంలకు చూసింది.

"గది నేను కాదమ్మా," అన్నది.

గంత పిల్ల — నేను కాదు అన్నది. మరి ఎవరు? ఆ పేరు కింద ఇన్నేండ్లు ఎవరు పెరుగుతున్నరు? పెంట కింద గుమ్మడిగింజ పగిలినట్టు, ఎవరూ పొయ్యని నీళ్లు తాగుకుంట...

మొలక కనపడితే అందరు సంబురపడుతరు. నేను మేక ఏ దిక్కుకెళ్లి వస్తదో చూస్తుంట.

మా సాలెవాళ్ల ఇండ్లల్ల పడుగు అయిపోవస్తే తెంపి పారెయ్యరు. పాత కొసలకు కొత్త పోగులు అతుకుతరు. వేళ్లకు బూడిద అద్దుకొని, పోగుకు పోగు మెలేసి. మగ్గం ఒక్క గడియ గూడ ఖాళీ ఉండది. మరి పేరుకు? పాతది తీసి కొత్తది పెట్టే నడుమ — ఏ పేరూ లేని ఆ ఒక్క గడియల — బిడ్డ ఎవరి చేతుల ఉంటది?

అదాలతు ముందల అర్జీలు రాసే అనంతయ్య అడిగిండు, కొత్త పేరేందమ్మా అని.



ఉన్నది పేరు. బిడ్డ కడుపుల ఉన్నప్పుడు మా ఆయన నా పొట్ట మీద చెయ్యి వెట్టి అన్న పేరు. నేను పైకి అనలే. ఒక్కసారి గూడ అనలే. చిన్నప్పుడు మా నాయిన నేర్పిన అక్షరాలున్నయి నాకు. వంగి, మట్టిల వేలితోని రాసి చూపిన. ఆయన చదువుకున్నడు. అరచేతితోని తుడిచేసిన.

గాలి చదువుతదేమోనని.

సంస్థానం అదాలతు. ఎత్తైన కప్పు. కప్పుల పావురాలు. జమ్ములమ్మను, బిడ్డను బయట వేపచెట్టు కింద కూసోవెట్టి నేనొక్కదాన్నే లోపటికి పోయిన. ప్రమాణం చేపిచ్చిన్రు. మున్సిఫ్ సాబ్ కండ్లద్దాల మీదికెళ్లి చూసిండు.

"తండ్రి లేడు. నువ్వొక్కదానివే. ఈ పిల్ల మీద ఇంకెవరికన్న హక్కు ఉన్నదా?"

లేదు అంటే అయిపోతుండె. అందరు అదే అంటరంట. కాని ప్రమాణం చేసి ఉన్న. నేను అబద్ధమాడితే ఎవరికి తగుల్తది? బిడ్డకే.

"ఉన్నది సాబ్. జమ్ములమ్మకు."

రాసేటాయన కలం ఆగింది.

"ఆమెకేం హక్కు?"

"నేను పారేస్తే ఆమె ఎత్తుకున్నది. మల్ల ఆమె దగ్గర కొనుక్కున్న."

"ఎంతకు?"

"చాటెడు తవుడుకు."

ఎన్క ఎవరో కిసుక్కుమన్నరు. సాబ్ నవ్వలే.

"పారేసిన అని నీ నోటితోనే అంటివి. ఆమె వచ్చి పిల్ల నాది అంటే నేనేం చెయ్యాలె? పిలువున్రి ఆమెను."

చావు కంట పడకుండ దాచిన బిడ్డను — అదాలతుల, నా నోటితోని, పోగొట్టుకున్ననా?

బంట్రోతు మాసయ్య గడపల నిలవడి పిలిచిండు. జమ్ములమ్మ వచ్చింది, చేతులు కొంగుకు తుడుసుకుంట.

"సాబ్, దాని తవుడుల సగం ఊకనే. అప్పుడే అడుగుదామనుకున్న, బాలింత కదాని నోరు మూసుకున్న." నా దిక్కు తిరిగింది. "కాదంటవా ఏందే?"

కాదనలే.

"అయినా నా బర్రె తిన్నది. పాలిచ్చింది. ఆ పాలు ఈ పిల్లనే తాగింది. ఇగ నాకు వచ్చేదేమున్నది? పిల్ల దానిదే సాబ్." గొంతు మారింది. "పేరు మట్టుకు నాది. నేను పెట్టిన. నేనే తీస్కుంటున్న."

చెయ్యి చాపింది. గాలిల నుంచి ఏదో ఎత్తుకున్నది. కొంగున ముడేసుకున్నది.

నిజంగనే ముడేసుకున్నది.

అదే... ఆ గడియ. ఏ పేరూ లేని గడియ. బయట చెట్టు కింద నా బిడ్డ — ఎవరూ కాకుండ.

"కాదనేటోళ్లు ఉన్నరేమో పిలిచి అడుగు," అన్నడు మున్సిఫ్ సాబ్.

మాసయ్య వాకిట్లకు పోయి ఛాతినిండ గాలి పీల్చుకున్నడు. మెల్లగ అడుగు అన్నా, అందామనుకున్న. చెవుల చెప్పినట్టు అడుగు, అందామనుకున్న.

"రామేశ్వరమ్మా... ఈ పేరు వద్దనేటోళ్లు ఎవరన్న ఉన్నరా..."

మట్టిల రాసి తుడిచిన పేరు. గోడకు తగిలింది. బజారు దాటింది. కృష్ణ ఏటి దిక్కు పోయింది. నా ఇద్దరు పిల్లలను పూడ్చిపెట్టిన దిక్కు గూడ పోయే ఉంటది.

ఇగ చావు వింటది. ఇగ వస్తది. వచ్చి ఈ వాకిట్ల నిలవడి, నేనున్న — నేను వద్దంటున్న — అంటది.

పావురాలు ఆగినయి. వేపాకు ఆగింది. కాచుకున్న.

ఎవరూ రాలే.

చెట్టు కిందికెళ్లి ఒక్క గొంతు వచ్చింది. సన్నగ. బెదురు లేకుండ. బడిల ఎన్నడూ పలుకని గొంతు.

"హాజర్!"

ఆ పేరుతోని దాన్ని ఎవరూ పిలిచింది లేదు. ఇదే నీ పేరు అని చెప్పింది లేదు. తనదే అని ఎట్ల తెలిసింది? పుట్టకముందు, నా కడుపుల, ఆయన చెయ్యి కింద... అప్పుడే విన్నదా? విని, ఇన్నేండ్లు, మల్ల ఎవరు పిలుస్తరా అని కాచుకున్నదా?

చేతులు ఎత్తి మొక్కిన. ఎవరికి మొక్కిన్నో తెల్వదు.

తొవ్వల జమ్ములమ్మ నా రెక్క పట్టుకున్నది. "ఏమే, గట్ల ఎన్కకు తిరిగి తిరిగి చూస్తవ్? పేరు విని ఎవరన్న వచ్చినా సందుల ముందుగాల నా గడపనే తగుల్తది. రామేశ్వరమ్మ లేదు గీమేశ్వరమ్మ లేదు, ఈడున్నది ఈ పెంటమ్మ ముసల్దే — పో అంట." కొంగుముడి మీద చెయ్యి వేసి నవ్వింది.

నేను నవ్వలేకపోయిన.

మల్ల తెల్లారింది.

బిడ్డ దుప్పటి కింద ఉన్నది. దుప్పటి లేస్తున్నది, దిగుతున్నది. చూసిన. మల్ల చూసిన. బడికి పొద్దయితున్నది. లేపాలె.

లేపాలంటే పిలువాలె.

ఊరంత విన్నది. గోడలు విన్నయి. ఆ పేరు నా నోటితోని నేను ఇంకా అనలే.

సందు మొదట్ల జమ్ములమ్మ తలుపు తెరిచే ఉన్నది. బయట కుప్ప మీద మంచు.

నోరు తెరిచిన.

పేరు కంటె ముందు ఆవిరి వచ్చింది... సన్నగ, తెల్లగ...