వలన్న చెవులు

గేటులోకి ఒక బండి తిరిగితే, పప్పు ఎనుపుతున్న చెయ్యి ఆపి విన్నాను. టక్కుమంది. వెనక చక్రాలు కూడా దాటేదాకా చూశాను, మళ్ళీ చప్పుడు లేదు. అంటే జబ్బు ముందరి చక్రాల దగ్గరే ఉంది. పెనుకొండలో మా ఇల్లూ, మా ఆయన మెకానిక్ షెడ్డూ ఒకే ఆవరణలో ఉంటాయి. వంటింటి కిటికీ తెరిస్తే షెడ్డే. గేటు దగ్గర కాలువ మీద పరిచిన నాపరాయి ఒక పక్కకు కుంగి ఉంటుంది. ఒక చక్రం దిగి, ఇంకో చక్రం పైనే ఉండిపోయినప్పుడు ఏ బండైనా తన బాధ చెప్పేసుకుంటుంది. ఆ రాయి సరిచేయిస్తానని మా ఆయన అన్నప్పుడల్లా వద్దని అడ్డం పడేది నేనే.

వచ్చింది కరెంటు వ్యాను. డీజిల్ బండైతే ఇంజను మోతలో ఇట్లాంటి చిన్న మూలుగులు కలిసిపోతాయి. దీనికి ఇంజనే లేదు కాబట్టి ఏదీ దాగదు. అందులోంచి నాగజ్యోతి దిగింది. ధర్మవరం నుంచి పట్టుచీరల మూటలు వేసుకుని హిందూపురం అంగళ్ళలో దించి వస్తుంది, దోవలో అప్పుడప్పుడూ మా దగ్గర ఆగి గాలి పట్టించుకుంటుంది. ఎప్పుడూ నవ్వుతూ దిగే పిల్ల, ఆ రోజు మొహం వాడిపోయి ఉంది.

"వలన్నా, ముందర టక్కు టక్కు అంటాంది. ధర్మవరంలో చూపిచ్చినా, హిందూపురంలో చూపిచ్చినా. అందరూ హైవే మీద ఒక రౌండు ఏసుకోనొచ్చి ఏమీ లేదంటాండారు. ఆడోళ్ళకు అన్నీ చప్పుళ్ళే ఇనిపిస్తాయి అనె ఒకాయప్ప. మా ఇంట్లో ఆయన కడాకు చెప్పేసినాడు. వలన్న కూడా ఏం లేదంటే రేపట్నుంచి మా మరిది శ్రీకాంత్ తోల్తాడంట బండి. నేను మగ్గం కాడ పోగులు అతుక్కుంటా కూచోవాలంట."

మా ఆయన హజరత్‌వలి, అందరికీ వలన్న, తల ఊపాడు. ఆ ఊపు నాకు తెలుసు. అది అంతా విన్న మనిషి ఊపు కాదు. తాళంచెవి తీసుకుని, వ్యాను ఎక్కి హైవే మీదికి పోయాడు. గేటు దాటేటప్పుడు నాపరాయి మీద మళ్ళీ టక్కుమంది. స్టీరింగు పట్టుకున్న మనిషి మొహంలో మాత్రం ఏ కదలికా లేదు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ షెడ్డు మోత నాకు తలనొప్పి. పోనుపోను ఆ మోతలోంచి ఒక్కో గొంతూ విడిగా వినపడడం మొదలైంది. ఒక రోజు అన్నం వడ్డిస్తూ, ఆ జీపు వెనక నుంచి ఎవరో ఈల వేసినట్టుంది అన్నాను. ఆయన నవ్వాడు. మర్నాడు విప్పి చూస్తే వెనక బేరింగు పోయి ఉంది. అప్పట్నుంచి పళ్ళెం ముందర కూర్చోగానే "ఏమ్మే, ఆ ట్రాక్టరు ఏమంటాంది?" అని అడగడం అలవాటైంది ఆయనకు. నిజం చెప్తున్నాను, అట్లా అడిగితే నాకు భలే ఇష్టంగా ఉండేది. ముద్దుమాటలు చెప్పే రకం కాదాయన. అదే మా సరసం. మా అత్త మాత్రం "సంగటి అడుగంటుతాంది, నీ చెవులు యాడ పెట్టినావే?" అని అరిచేది. మొగుడి పనికి చెవి పెడితే ఇంటిపని ఎగ్గొట్టినట్టు, ఇంటిపనికి చెవి పెడితే అసలు పనే చేయనట్టు. బయట మాత్రం వలన్న చెవికి పేరొచ్చింది. వలన్న బానెట్టు తీయడు, ఊరికే చెవి పెడతాడు అని రొద్దం దాకా చెప్పుకున్నారు. ఒక రైతు సంతోషం పట్టలేక ఆ చెవులకని ఒక మూట శనక్కాయలు తెచ్చి ఇచ్చాడు. వలిచిందీ నేనే, వేయించిందీ నేనే. "చానా బాగుండాయి" అంటూ తిన్నాడాయన. ఆ చెవులు నావని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ శనక్కాయలు నాకు ఎందుకో రుచించలేదు.

ఇంజన్ల మధ్యే బతికినందుకు ఆయన చెవులు మెల్లగా మొండికేశాయి. మొదట ఫోను, తర్వాత తెల్లవారి అజాన్. నేను తట్టి లేపితే, ఈ మధ్య నిద్ర ఎక్కువైపోయిందని తనే అంటాడు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ ఎత్తలేదు. గిరాకీ వస్తే టీ గ్లాసు పట్టుకుని బయటికి పోతాను, వాళ్ళు అన్నమాటే ఇంకొంచెం గట్టిగా మళ్ళీ అంటాను. చెవులు వినపడని మెకానిక్కు దగ్గరికి బండి ఎవరు తెస్తారు? ఆయన పరువు నా కొంగున ముడేసుకుని తిరుగుతున్నాను, అందులో ఎవరికీ నష్టం లేదు అనుకునేదాన్ని.

వ్యాను తిరిగొచ్చింది. "ఏం లేదు పాపా, బండి బంగారం మాదిరి ఉండాది" అన్నాడు మా ఆయన.

"నువ్వూ అదే అంటివా అన్నా" అంది నాగజ్యోతి. గొంతు సన్నగా, ఏడుపు ఆపుకున్నట్టుగా ఉంది. అది కూడా ఆయనకు వినపడలేదు. ఏదో మంచిమాటే అనుకుని నవ్వాడు.

ఎప్పటిలాగే అన్నం దగ్గర చెప్పొచ్చు. ఆయన సాయంత్రం ఫోను చేసి, ఇంకోసారి చూద్దాం రమ్మంటాడు. వలన్న చెవి పేరు అట్లాగే ఉంటుంది. కానీ సాయంత్రానికి తాళంచెవి శ్రీకాంత్ జేబులోకి పోతుంది. ఈ పిల్లకు నిజంగా వినపడిన చప్పుడు ఆడదాని భ్రమ అని ఊరంతా ఖాయం చేస్తుంది, దానికి సాక్ష్యం నా మొగుడు. నాగజ్యోతి వ్యాను తలుపు మీద చెయ్యి వేసింది. నేను పప్పుగుత్తి చేతిలో ఉండగానే బయటికి వచ్చేశాను.

"చప్పుడుండాది. నేను ఇన్నా" అన్నాను.

తన ట్రాక్టరు కోసం బెంచీ మీద కూర్చున్న రొళ్ల ఈరన్న పకపకా నవ్వాడు. "ఏమ్మా, వలన్నే లేదన్న్యాక నీకు యాడ ఇనిపిచ్చె?"

మా ఆయన నా పెదవులే చూస్తున్నాడు. ఏం చెప్పేస్తానోనని ఆయన కళ్ళలో కనపడిన భయానికి నా ప్రాణం ఉసూరుమంది. ఎంత కోపం వచ్చినా ఆయనంటే నాకు ప్రేమే, దాచుకోవడానికేముంది? చెవుల మాట ఎత్తలేదు. దగ్గరికి పోయి, అందరి ముందరా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ముందరి చక్రం వెనక కూర్చోబెట్టి, ఆయన వేళ్ళు తీసి అక్కడున్న ఇనుప క్లాంపు మీద పెట్టాను.

"ఈరన్నా, నవ్వింది చాలు గానీ ఆ పక్కనుంచి బండిని ఊపప్పా."

ఈరన్న ఊపాడు. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. కొంచెం సేపటికి మొహం విప్పారింది. "ఉండాదే షంషాద్! చేతికి కొడ్తాంది!"

ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ బండి కింద అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. ఒక పక్క గుంతలో దిగితే బండి అటే ఒరిగిపోకుండా ఆపేది అదే. దాన్ని పట్టి ఉంచే క్లాంపుల్లో రబ్బరు బుష్షులు ఉంటాయి. అవి అరిగితే కడ్డీ కొట్టుకుంటుంది. హైవే మీద రెండు చక్రాలూ సమానంగా పోతాయి కాబట్టి అది నోరెత్తదు. అందుకే అంతమందికీ దొరకలేదు.

హిందూపురం స్పేర్‌పార్టుల అంగడికి నేనే ఫోను చేశాను. వాళ్ళు బస్సు కండక్టరు చేతికిచ్చి బుష్షులు పంపారు. మా ఆయన వ్యాను నుంచి తాళంచెవి తీసేసి, రెండు పక్కలా సమానంగా ఎత్తి నిలబెట్టాడు. ఒక పక్కే ఎత్తితే కడ్డీ మెలిబడి క్లాంపు కూర్చోదట. నారింజ రంగు కరెంటు తీగల దగ్గరికి మాత్రం చెయ్యి పోనియ్యడు, పడుకున్న పామును తప్పుకుని పోయినట్టు పోతాడు. బోల్టులు విప్పి పాత బుష్షు తీస్తే, గుండ్రంగా ఉండాల్సిన బొక్క కోడిగుడ్డులా సాగి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ముందర నాకు చూపించాడు, తర్వాతే నాగజ్యోతికి. గ్రీజు పూస్తే రబ్బరు చెడుతుందని నా గిన్నెల సబ్బు నీళ్ళు అడిగాడు. తెచ్చి ఇచ్చాను. ఒక పక్కదే ఎక్కువ అరిగినా రెండూ మార్చాడు. బండిని నేల మీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు బిగించాడు. పని చేస్తున్నప్పుడు ఆయన్ని చూడడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

నాగజ్యోతి నాపరాయి మీదుగా వ్యానును పోనిచ్చింది. నేను గేటు పక్కన నిలబడి విన్నాను. ఏమీ లేదు. వెనక్కి రానిచ్చింది, మళ్ళీ పోనిచ్చింది, నవ్వుకుంటూ ఇంకోసారి తిప్పింది. తర్వాత బండి ఆపి వాళ్ళాయనకు ఫోను చేసింది. "చప్పుడు ఉన్నింది. దొరికింది, పోయింది. తాళంచెవి నా కాడే ఉంటాది." అంతే చెప్పి పెట్టేసింది. పోతూ పోతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా, నాకు పిచ్చేమోనని నేనే అనుకోబట్టినా" అంది.

వ్యాను మలుపు తిరగగానే ఈరన్న తొడ చరిచాడు. "వలన్న చేతులకు కూడా చెవులుండాయబ్బా!"

మా ఆయన నా వైపు చూశాడు. నేను లోపలికి వచ్చి, చల్లారిపోయిన పప్పు మళ్ళీ వెచ్చబెట్టాను.

పొద్దు వాలాక గానీ అన్నానికి కూర్చోలేదు. బయట ఈరన్న ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. మా ఆయన మొదటి ముద్ద కలుపుకుంటూ, ఏమీ జరగనట్టు, ఆ పాత ముద్దు గొంతుతోనే అడిగాడు.

"ఏమ్మే, ఈరన్న ట్రాక్టరు ఏమంటాంది?"

అదేమంటోందో నాకు పొద్దున్నే తెలుసు. నెయ్యి వడ్డించి, గిన్నె కింద పెట్టాను.

"ఇంగ అన్నం కాడ చెప్పను. బండి వస్తే నన్ను షెడ్డులోకి పిలువు. అందరి ముందరే ఇంటా, అందరి ముందరే చెప్తా" అన్నాను.

ఆయన తల పళ్ళెంలోనే ఉంది, నా పెదవులు చూడలేదు. తలెత్తి నన్ను చూశాడు. తర్వాత, మా కాపురంలో మొట్టమొదటిసారి, ఎడమ చెయ్యి చెవి వెనక అడ్డం పెట్టుకున్నాడు.

"ఇనపళ్ళా షంషాద్. ఏమంటివి?"

వంటింటి కిటికీ తెరిచే ఉంది, ఈరన్న ఇటే చూస్తున్నాడు. మా ఆయనకు వినపడేంత గట్టిగా మళ్ళీ చెప్పాను.