అత్త పెట్టిన సూది పరీక్ష

లీవు శాంక్షన్ అయిందని మెసేజ్ వచ్చినప్పుడు మా ఆయన గుణశేఖర్ బండి పక్కన నేల మీద వెల్లకిలా పడుకొని ఇంజిన్ కిందికి తొంగి చూస్తున్నాడు. ఫోను నా చేతిలో ఉంది. "సోమవారం నుంచి శుక్రవారం దాకా" అని చదివాను. స్పానర్ కింద పడిన చప్పుడు, దాని వెనకే ఒక నవ్వు వినిపించాయి.

"ఇంకోసారి చదువు నివేదా."

ఇంకోసారి చదివాను. మూడోసారి అతను అడక్కపోయినా చదివాను. కాట్టుపల్లి షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డర్‌కి పెళ్ళయిన కొత్తలో వారం సెలవు దొరకడమంటే మాటలు కాదు. ఆ వారం ఎక్కడికి పోవాలో మేమెప్పుడో అనుకున్నాం. కొల్లిమలై. కొండ పైకి ఎక్కేదాకా మలుపు మీద మలుపు ఉంటుందట. బండి మీదే పోవాలి, ఇద్దరమే పోవాలి.

వరండాలో మా అత్త కుప్పమ్మ కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"కొల్లిమలైకి బస్సు ఉండాది గదా" అంది అత్త.

"అమ్మా, బస్సులో పొయ్యేదానికి లీవు దేనికి?"

"బస్సులో పోతే కొండ కనపడదా?"

గుణ లేచి కూర్చున్నాడు. ముక్కు మీద గ్రీజు. నాకు ఆ గ్రీజు ముక్కు కూడా ముద్దుగా కనిపించింది. ఈ మధ్య నాకు అన్నీ అట్లాగే కనిపిస్తున్నాయి. మా ఊరు మణవాళనగర్‌లో రోజూ పోయే కరెంటు కూడా.

బండి గురించి చెప్పాలి. అది మా మామ రామానుజం తన పెళ్ళయిన ఏడాది కొన్నది. దూర ప్రయాణాల కోసమని చేసిన బండి, పొడుగాటి సీటు, పెద్ద ట్యాంకు, వెనక సామాన్లు కట్టుకోవడానికి ఇనుప క్యారియర్. మెరూన్ రంగు వెలిసి వక్కపొడి రంగుకు వచ్చింది. ఇన్నేళ్ళూ మామే నడిపి, మా పెళ్ళిలో తాళాలు గుణ చేతికిచ్చాడు. కొత్త జంటకని హ్యాండిల్‌కి మందపాటి స్పాంజి తొడుగులు కూడా తనే కొని వేశాడు.

వేగం అరవై దాటితే ఆ బండి వణుకుతుంది. అద్దంలో వెనక వచ్చే లారీ రెండు లారీలవుతుంది. నా కొత్త మెట్టెలు ఫుట్‌రెస్టు మీద సన్నగా మోగడం మొదలవుతుంది. నాకది ఇష్టం. మీటర్ చూడకుండా ఎంత వేగంలో ఉన్నామో కాలివేళ్ళతోనే చెప్పగలను. కానీ గుణ అరచేతులు మొద్దుబారుతున్నాయి. మొన్న పూండి దాకా పోయివచ్చి కాఫీ గ్లాసు పట్టుకుంటే అది వేళ్ళలోంచి జారి పగిలింది. అత్త ఏమీ అనకుండా గాజుముక్కలు ఊడ్చింది. అత్త ఏమీ అనలేదంటే చాలా అనుకుంటోందని ఇప్పటికి నాకు తెలిసింది.

ఇప్పుడు అంది.

"చేతులతో బతికేవాడివి నువ్వు. ఆ చేతులు పోగొట్టుకోని కొండ చూసేదేంది? ఒక పని చెయ్. రేపు ఆదివారం గదా, తిరుత్తణికి పోయిరాండి. బండి దిగి నేరుగా నా కాడికి రా. ఈ సూదిలో దారం ఎక్కించు. ఎక్కితే కొల్లిమలై. ఎక్కకపోతే మీకు బస్సు, బండి ఎలుమలైకి."

ఎలుమలై మింజూరులో ఉండే అత్త తమ్ముడు. పాలక్యాన్లు కట్టడానికి ఆ క్యారియర్ బాగుంటుందని చాలా రోజులుగా ఆ బండి మీద కన్నేసి ఉన్నాడు.

పేపర్ వెనక నుంచి మామ గొంతు వచ్చింది. "నేను ఇన్నేండ్లు తోలినా. ఒక్కనాడు నా చెయ్యి తిమ్మిరెక్కలా. ఈ కాలం పిల్లోళ్ళవి పూలచేతులు."

"నువ్వు మాట్లాడొద్దయ్యా. కొత్త పెండ్లాన్ని తిరుత్తణి దోవలో కనకమ్మసత్రం కాడ దించేసినోడివి."

"నేను దించినానా? ఆ కుదుపుకు నోట్లో పండ్లు రాలిపోతాయని నువ్వే దిగి బస్సెక్కినావు."

"ఎక్కినా. ఆపొద్దు నుంచి మళ్ళా దాని మీద కూసున్నానా?"

కూర్చోలేదట. బండి వయసు, అత్త అలక వయసు దాదాపు ఒకటే.

ఆ సాయంత్రం మేమిద్దరం బండి పని పట్టాం. ఇంజిన్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులన్నీ గుణ బిగించాడు. చైన్ కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి, వేలితో ఎత్తి చూసి సరిచేశాడు. నాతో ఫుట్‌రెస్టు రబ్బర్లు మార్పించాడు. ముందుచక్రం గాల్లోకి లేపి, దాన్ని పట్టి ఉంచే ఫోర్క్ పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపమన్నాడు. ఊపాను.

"టక్ మంటోందా?"

"లేదు."

"అయితే హ్యాండిల్ తిరిగే కోన్‌సెట్ బాగుంది. మలుపుల్లో భయం లేదు." ఆ పదం నాకెంత నచ్చిందంటే పడుకునేదాకా దేని గురించి అడిగినా "కోన్‌సెట్ బాగుంది" అనే జవాబు చెప్పాను.

పొద్దున బయల్దేరే ముందు టీ పెట్టాను. ఈ ఇంట్లో అల్లాన్ని ఇంజి అంటారు. ఇంజి దంచడానికి అత్త దగ్గర ఒక ఇనుప గుండు ఉంది. వంటింట్లో నాకు మొదటిరోజే నచ్చిన వస్తువు అది. పిడికిట్లో సరిగ్గా ఇమిడిపోతుంది, బరువుగా, నున్నగా, నల్లగా. నడుమ ఒక బెజ్జం. అందులో ఇరుక్కున్న ఇంజి పీచును చీపురుపుల్లతో తీయడం నా పని. అట్లాంటిదే ఇంకోటి నిమ్మకాయ ఊరగాయ జాడీ మూత మీద బరువుకు ఉంటుంది. మా పెళ్ళి సామాన్ల మధ్య కిటికీలో దొరికాయని, చుట్టాలెవరో పెట్టినట్టున్నారని అత్త చెప్పింది.

పాండూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. మలుపుల్లో బండి ఎంత హాయిగా వాలి లేచిందంటే నేను కూడా అతనితో పాటు వాలి లేవడం నేర్చుకున్నాను. కనకమ్మసత్రం దాటుతుంటే, "అత్త ఇక్కడే కదా దిగింది" అని అతని చెవిలో అరిచాను. ఇద్దరం నవ్వాం. కానీ తిరుత్తణి కొండ మీద బండి ఆపి దిగాక అతను వేళ్ళు విదిలించుకోవడం చూశాను.

"ఎట్లుంది?"

"చీమలు పాకినట్టుంది. ఏం చేసినా ఇది మాత్రం పోలేదు."

స్వామి దర్శనం చేసుకొని, దొన్నెలో పొంగలి తింటూ బండి దగ్గరికి వచ్చేసరికి దాని పక్కన అచ్చం అలాంటి బండే ఇంకోటి నిలబెట్టి ఉంది. నలుపు రంగు. నేను చుట్టూ తిరిగి చూశాను. దాని హ్యాండిల్ రెండు చివర్లా ఏదో నాకు బాగా తెలిసిన వస్తువు ఉంది. ముట్టుకున్నాను. పిడికిట్లో ఇమిడింది.

"బావా, ఈయన హ్యాండిల్‌కి మన ఇంజి గుండు తగిలించుకున్నాడు."

"ఏ గుండు?"

"రోజూ ఇంజి దంచేది. ఇదే బరువు, ఇదే నునుపు. బెజ్జంలో బోల్టు కూడా ఉంది చూడు."

గుణ చూశాడు. తర్వాత మా హ్యాండిల్ చివర మామ వేసిన స్పాంజి తొడుగును వేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. తాళంచెవితో కొస చీల్చాడు. లోపల ఏమీ లేదు, ఖాళీ గొట్టం.

"నివేదా, ఈ బరువు ఉంటే హ్యాండిల్ ఇంత వణకదు. అది ఎవరో తీసేస్తే, వణుకుతోందని నేను ఇంజిన్ అంతా బిగిస్తా ఉండా."

ఈలోపు నల్లబండి ఆయన విభూతి పెట్టుకొని వచ్చాడు. తన హ్యాండిల్‌ను చెరో వైపు పట్టుకొని ఉన్న మమ్మల్ని చూసి, "ఎన్న సార్, ఏదావదు కాణోమా?" అన్నాడు, ఏమైనా పోయిందా అని.

గుణ తమిళంలోనే, "పోలేదు సార్, వంటింట్లో ఉంది" అన్నాడు. ఆయన మాకు దోవ ఇవ్వడానికి రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త సూది పట్టుకొని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అమ్మా, ముందు ఒక సంగతి విను."

"ముందు దారం."

గుణ దారం కొసను నాలుకకు తాకించి పట్టుకున్నాడు. దారం సూదికి కుడివైపు పోయింది, ఎడమవైపు పోయింది. వేళ్ళు సన్నగా వణుకుతూనే ఉన్నాయి. అత్త గెలిచినట్టు చూస్తుందనుకున్నాను. ఆమె సూది తీసి పక్కన పెట్టి, కొడుకు అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దింది.

"చూసినావా?" అని మెల్లగా అంది. తర్వాత మామతో, "ఎలుమలైకి ఫోన్ చెయ్యి" అంది.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. ఒక గుండు రోట్లోంచి, ఒకటి జాడీ మీది నుంచి తెచ్చి కుట్టుమిషన్ మీద పెట్టాను.

"అత్తా, బండికి పోయినవి ఇవే."

అత్త గుండ్ల వైపు చూసింది. గుణ హ్యాండిల్ మీద చీల్చిన స్పాంజి తొడుగును చూపించాడు. మామ ఒక్కసారి తొంగిచూసి పేపర్‌ను మొహానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. అది అత్త కంట పడింది.

"ఏమయ్యా."

"అవి... వీళ్ళ పెండ్లి ఊరేగింపుకు హ్యాండిల్‌కి అరటిపిలకలు కట్టినాము గదా. అడ్డమొచ్చినాయి. పీకి కిటికీలో పెట్టినా. ఉట్టి అందానికి ఉండాయేమో అనుకొని మళ్ళా బిగించలా."

"అందానికి ఇంత ఇనుము ఎవురు పెడతారయ్యా? నాకు ఒక మాట చెప్పల్ల గదా. నేను చింతపండు పెట్టి తోమి ఇంజి దంచుతా ఉండా."

"దంచినావు గాబట్టే గదా, చాయ్ ఈ మధ్య రుచిగుండేది" అన్నాడు మామ. అత్త విసిరిన గుడ్డపీలిక పేపర్‌కి తగిలింది.

బోల్టులు మాత్రం మామ పారేయలేదు. పాత కాఫీడబ్బాలో నుంచి వెతికి తీసి, కొడుకు ముందు కింద కూర్చొని తనే బిగించాడు. ఒక బెజ్జంలో మిగిలిన పీచును నేను చీపురుపుల్లతో తీశాను.

"తిరుత్తణి దాకా వద్దులే, కనకమ్మసత్రం దాకా పోయిరాండి" అంది అత్త. "సూది ఈడే ఉంటుంది."

ఎండ వాలుతుండగా బయల్దేరాం. అరవై దాటింది. నా మెట్టెలు ఎప్పట్లాగే మోగాయి, వాటికి ఈ గుండ్లతో సంబంధం లేదు, అందుకు సంతోషించాను. అద్దంలోకి చూశాను. వెనక వస్తున్నది ఒకే లారీ.

"బావా, చేతులు?"

అతను హ్యాండిల్ మీద వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి దించాడు. "నా వేళ్ళు నాకు తెలస్తా ఉండాయి" అన్నాడు. ఆ మాట విన్నాక అతని వీపు మీద తల ఆనించి, ఇల్లు చేరేదాకా తీయలేదు.

మొదటిసారి దారం ఎక్కలేదు, అతనికి నవ్వు ఆగక. అత్త మాత్రం నవ్వలేదు. రెండోసారి ఎక్కింది. అత్త సూదిని వెలుతురుకు పట్టి చూసింది, దారం లాగింది, ముడి వేసింది, పంటితో కొరికింది. తర్వాత తనే ఫోన్ తీసింది.

"రేయ్ ఎలుమలై, బండి లేదురా. నీ పాలక్యాన్లకు వేరేది చూసుకో."

నేను అప్పటికే గదిలో మంచం మీద సంచి తెరిచాను. గుణ చొక్కాలు రెండు, నా చుడీదార్లు, కొల్లిమలైలో చలి ఉంటుందని ఒక స్వెట్టర్. అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రేపు మీరు పొయ్యేది లేదు."

నా చేతిలో స్వెట్టర్ అట్లాగే ఉండిపోయింది. గుణ వెనక నుంచి వచ్చాడు. "మళ్ళా ఏంది మా? దారం ఎక్కింది గదా."

"ఎక్కింది. అందుకే రేపు నేను పోతా, నీ వెనక కూసోని. ఆపొద్దు కనకమ్మసత్రం కాడ దిగినదాన్ని, ఆడనుంచి తిరుత్తణి దాకా ఆ బండి ఎట్ల పోతాదో నేను చూడల్ల."

"అమ్మా, కొల్లిమలై?"

"కొండ యాడికి పోతాది? ఎల్లుండి పొండి." నా వైపు తిరిగింది. "పాపా, నువ్వూ మీ మామా రైల్లో రాండి. కొండ కింద కలుస్తాము. వచ్చేటప్పుడు బజార్లో నాకొక రాతిగుండు కొనల్ల."

హాల్లోంచి మామ, "నేను తోలతా, నా వెనక కూసో" అన్నాడు.

"నువ్వు తోలేది ఒకసారి చూసినా గదా" అంది అత్త. మళ్ళీ మాతో చెప్పింది, "పొద్దున్నే బయల్దేరతాము. గుండు బండికి ఉండాది, రేపు ఎవురూ ఇంజి చాయ్ అడగొద్దండి."